మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ ఎందుకు దిగడం లేదు?

ప్రశ్న: మా అమ్మకు 48 ఏళ్లు, బరువు 62 కిలోలు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఏడాదిగా థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ మాత్ర) 75 మైక్రోగ్రాములు వాడుతున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్) 11 దగ్గరే ఉంది. ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) మాత్రం నార్మల్. నేను కాకినాడలో ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతున్నాను. పిట్యూటరీలో (మెదడు కింద ఉండే గ్రంథిలో) గడ్డ ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. ఎంఆర్‌ఐ తీయించాలా? – ఒక విద్యార్థిని

జవాబు: ఇప్పుడు ఎంఆర్‌ఐ అక్కర్లేదు. రెండో ఏడాదిలో ఏ రిపోర్టు చూసినా అరుదైన జబ్బే గుర్తొస్తుంది లెండి. పిట్యూటరీ దెబ్బతింటే టీ4 తగ్గినా టీఎస్‌హెచ్ ఇంతగా పెరగదు. టీఎస్‌హెచ్ తయారుచేసే గడ్డే ఉంటే టీ4 కూడా ఎక్కువగా ఉండాలి. మీ అమ్మగారి రిపోర్టు ఈ రెండింటికీ సరిపోదు.

ఈసారి ఇంటికెళ్లినప్పుడు ఆవిడ మాత్ర ఎలా వేసుకుంటున్నారో పక్కనుండి చూడండి. అడిగితే ‘పరగడుపునే’ అంటారు. కానీ చాలామంది టిఫిన్‌నే తిండిగా లెక్కేస్తారు, పాలు పోసిన కాఫీని లెక్కలోకి తీసుకోరు. మాత్ర మంచినీళ్లతోనే వేసుకోవాలి. కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి. ఈ వయసులో మోకాళ్లకని కాల్షియమో, నీరసానికని ఐరనో ఇంట్లో ఉండే ఉంటుంది. వాటికీ దీనికీ 4 గంటల ఎడం తప్పదు. రోజూ గ్యాస్ మాత్ర వాడినా థైరాక్సిన్ సరిగా ఒంటబట్టదు. సీసా పొయ్యి గట్టు మీద ఉంటే అక్కడినుంచి తీసేయండి, వేడికీ తేమకీ మందు పాడవుతుంది.

మీరు చదువుకునే విషయం ఇంకొకటి ఉంది. మధ్యమధ్య మాత్ర మానేసి, రక్తపరీక్షకు ముందు నాలుగు రోజులు బుద్ధిగా వేసుకుంటే టీ4 నార్మల్‌కి వచ్చేస్తుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఎక్కువగానే ఉంటుంది. కాలువకు నీళ్లొదిలినా చివరి చేలకు ఎక్కడానికి రోజులు పట్టినట్టే, టీఎస్‌హెచ్ దిగడానికి 6 వారాలైనా పడుతుంది. కార్తీక మాసం ఉపవాసాల్లో మానేశారేమో కనుక్కోండి, కాకపోతే కోప్పడకుండా.

డోసు చాలకపోవడమూ కారణం కావచ్చు. థైరాయిడ్ గ్రంథి పూర్తిగా పనిచేయనివారికి కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు కావాలి, ఈ బరువుకి అది 100 దాకా వస్తుంది. కానీ అలవాటు సరిచేయకుండా డోసు పెంచితే, రేపు మందు పూర్తిగా ఒంటబట్టిన రోజున గుండె దడ పట్టుకుంటుంది. అందుకే 6 నుంచి 8 వారాలు సక్రమంగా వేసుకున్నాక మళ్లీ టీఎస్‌హెచ్ చేయించండి. ఆరోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోమనండి. అప్పటికీ దిగకపోతే రిపోర్టులన్నీ పట్టుకుని ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరకు వెళ్లండి. డోసు మార్చాలో, పేగుల్లో సమస్య కోసం వెతకాలో ఆయన చూసి చెబుతారు.