ఆ పన్నెండు మాత్రలు

అమ్మలూ,

డిప్రెషన్‌లో సెరటోనిన్ రిసెప్టార్ల మీద పీహెచ్‌డీ చేయబోతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పేపర్లు చదవడం, ఏ రోజు లెక్క ఆ రోజే రాసుకోవడం నీకు చెప్పక్కర్లేదు. కానీ ఊరికే ‘సెరటోనిన్ రిసెప్టార్’ అని రాసి వదిలేయకు. కణాల మధ్య సంకేతాలు మోసే రసాయనం సెరటోనిన్, దాన్ని అందుకునేవి ఈ రిసెప్టార్లు. అవి 14 రకాలు. ఏ రకమో, ఏ కణం మీదిదో లేని వాక్యం నాకు పంపావంటే తిప్పి కొడతాను. ఈ మంకుపట్టు ఎందుకో విను.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో నా స్నేహితుడొకడు డిప్రెషన్‌తో వచ్చాడు. ఫ్లూయాక్సెటిన్ రాసి, “మెదడులో సెరటోనిన్ తగ్గిందిరా, ఈ మాత్ర నింపేస్తుంది” అన్నాను. అప్పట్లో చాలామందిమి అలాగే చెప్పేవాళ్లం. పన్నెండో రోజున వచ్చి మాత్రల షీట్లు రెండు నా టేబుల్ మీద పెట్టాడు. ఒకటి పూర్తిగా ఖాళీ, రెండోదాంట్లో రెండు గుంటలు ఖాళీ. “కడుపులో తిప్పడం తప్ప ఏమీ నిండలేదు. నాది మందులకు లొంగేది కాదులే” అన్నాడు. ఓపిక పట్టమన్నాను గానీ, ఎందుకు పట్టాలో చెప్పలేదు. మానేశాడు. ఆ తర్వాత ఆరు నెలలు మంచం దిగలేదు.

చెప్పాల్సిందల్లా ఇంతే. సెరటోనిన్‌ను కణం వెనక్కి లాక్కోకుండా ఆ మందు కొన్ని గంటల్లోనే అడ్డుపడుతుంది. కానీ మెదడు కాండంలోని రఫే కేంద్రకాల్లో, సెరటోనిన్‌ను వదిలే కణాల మీదే 1ఏ రకం రిసెప్టార్లు ఉంటాయి. సెరటోనిన్ పెరిగిందని పసిగట్టగానే అవి ఆ కణాలకే కళ్లెం వేస్తాయి. ఆ పట్టు సడలడానికి వారాలు పడుతుంది. మందు ఆలస్యంగా పనిచేయడానికి ఇదొక కారణమని చాలామంది నమ్మకం. అదే 1ఏ, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే మెదడు భాగంలో, సంకేతం అందుకునే కణాల మీదా ఉంటుంది. అక్కడ దాని పాత్ర వేరు. కడుపులో తిప్పడంలో 3వ రకానిది ముఖ్య పాత్ర. ఈ నాలుగు ముక్కలూ చెప్పుంటే వాడు మిగతా మాత్రలూ మింగేవాడేమో! సెరటోనిన్ తగ్గడమే డిప్రెషన్‌కు కారణమనడానికి నిలకడైన ఆధారం లేదని 2022లో ఒక పెద్ద సమీక్ష వచ్చింది. అది చదువుతుంటే ఆ రెండు షీట్లే కళ్ల ముందు మెదిలాయి.

అందుకే ప్రతి ఫలితం పక్కన, మందు మొదలుపెట్టి ఎన్ని రోజులైందో రాయి. ఒక్క డోసు ఇచ్చిన ఎలుకా, మూడు వారాలు ఇచ్చిన ఎలుకా ఒకే కథ చెప్పవు. మనుషులతో పని పడితే తొలి వారాల్లో మరీ జాగ్రత్త. పిల్లల్లో, 24 ఏళ్ల లోపు వాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చన్న హెచ్చరిక ఆ మందుల మీదే ఉంటుంది. ఫోన్ ఎత్తలేదంటే బిజీగా ఉన్నారులే అనుకోకు. మళ్లీ చెయ్యి, మనిషిని పంపు.

ఇంకో మాట. డిగ్రీలో ఉండగా నువ్వు తలుపు వేసుకుని గడిపిన ఆ రోజులు నేను మరచిపోలేదు. తలుపు ఇవతల నేల మీద కూర్చుని నీతో మాట్లాడింది నేనేగా. ఈ పేపర్లు చదువుతుంటే ఇది నా గురించే రాశారనిపించే రోజు రావచ్చు. ఆ రోజు నీ రిసెప్టార్ల గురించి నువ్వే లెక్కలు వేసుకోకు తల్లీ. ల్యాప్‌టాప్ మూసేసి నాకు ఫోన్ చెయ్యి. డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం.

పెదనాన్న