ఆ మాత్ర వేసుకుని ఇంజిన్ ఎక్కవద్దు

ప్రశ్న: నేను గూడ్సు రైలు లోకో పైలట్‌ను, వయసు 38. రెండు నెలల క్రితం ఒక గేటు దగ్గర మా ఇంజిన్ కింద పడి ఒక యువకుడు చనిపోయాడు. బ్రేక్ వేసినా బండి ఆగలేదు. అప్పటి నుంచి ఆ గేటు వస్తుంటే చేతులకు చెమట పడుతోంది, రాత్రి నిద్ర ఉండడం లేదు. మందుల షాపులో అడిగి ఆందోళన తగ్గించే ఆల్ప్రజోలం మాత్రలు తెచ్చి రోజూ వేసుకుంటున్నాను. డ్యూటీ మానలేదు. నరాల బలానికి మంచి విటమిన్లు చెప్పగలరు.
– ఒక పాఠకుడు, ఖాజీపేట

జవాబు: విటమిన్ల అవసరం ఉందో లేదో రక్తపరీక్ష చేయించాక మీ డాక్టరే చెబుతారు. నన్ను కలవరపెడుతున్నది ఆల్ప్రజోలం. ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికి సగటున 11 గంటలు పడుతుంది కాబట్టి, రాత్రి పదింటికి వేసుకున్న మాత్రలో దాదాపు సగం మర్నాడు ఉదయం తొమ్మిదింటికి, అంటే మీరు సిగ్నల్ చూసి వెంటనే చెయ్యి కదపాల్సిన వేళకు కూడా, ఒంట్లోనే ఉంటుంది. దయచేసి ఆ స్థితిలో ఇంజిన్ ఎక్కవద్దు. అలాగని ఒక్కసారిగా మానేయవద్దు. వారాల తరబడి వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించుకోవాలి. మద్యంతో కలిపి అసలే వద్దు. ఇది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. అడగగానే ఇచ్చిన షాపతను మీకు మేలేమీ చేయలేదు.

మిమ్మల్ని చూడకుండా జబ్బు నిర్ధారించలేను. ఇలాంటి ఘోరం చూశాక మొదటి కొద్ది వారాలు నిద్ర చెదరడం, ఉలికిపడడం చాలామందిలో ఉండేవే గానీ, నెల దాటినా అవి తగ్గకుండా, ఆ దృశ్యం పదే పదే కళ్ల ముందు కదులుతుంటే పీటీఎస్‌డీ (ఘోర సంఘటన తర్వాత మిగిలిపోయే మానసిక రుగ్మత) ఉందేమోనని తప్పక పరీక్షించాలి. ఉద్యోగం చేస్తుండగా మనసుకు తగిలిన గాయమిది. చెయ్యి విరిగితే రెండు నెలలు ఆగేవారా? ఆ గాయం మీదే దృష్టి పెట్టే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను సరిదిద్దే మాటల చికిత్స), ఈఎండీఆర్ (కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కొనే పద్ధతి) వంటి చికిత్సలు దీనికి బాగా పనిచేస్తాయి. ఇలాంటి ఘటన జరిగిన తొలి నెలలో, ఆ లక్షణాలకు ఆల్ప్రజోలం తరహా మందులు ఇవ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సూచించింది.

ఈ వారంలోనే రైల్వే ఆసుపత్రికి వెళ్లి, ఆ ప్రమాదం జరిగిన తేదీతో పాటు మాత్ర సంగతి కూడా దాచకుండా చెప్పి, కోలుకునే వరకు ఇంజిన్ కాకుండా వేరే పని ఇవ్వమని పై అధికారిని లిఖితపూర్వకంగా అడగండి. ఉద్యోగం పోతుందన్న భయంతో చాలామంది దాస్తారు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ఆ కారణంతో ప్రభుత్వోద్యోగిని తొలగించడానికి, హోదా తగ్గించడానికి 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సాధారణంగా ఒప్పుకోదు. అది మీకు ఎంతవరకు వర్తిస్తుందో యూనియన్ వారిని అడగండి. ఆ రోజు మీ పక్కనే ఉన్న సహాయ లోకో పైలట్ కూడా అదే దృశ్యం చూశారు, ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. ఏ రాత్రయినా చనిపోవాలన్న ఆలోచన వస్తే తెల్లారే వరకు ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.