గుల్లబారిన దిబ్బలో తలదాచుకునేవి

ప్రశ్న: ‘శిథిలమైన పగడపు దిబ్బల్లో చిన్న చిన్న సముద్ర జీవులు ఆశ్రయం తీసుకుంటాయి’ అని ఒక వ్యాసంలో చదివాను. శిథిలమైపోయినది ఇంకొకరికి నీడ ఎలా ఇస్తుంది? ‘క్రమక్షయం చెందిన’ అంటే సరిపోతుందా? ‘ఆశ్రయం తీసుకోవడం’ అన్న ప్రయోగం సరైనదేనా?

సమాధానం: విషయం నిజమే, విశేషణమే అతకలేదు. సంస్కృతంలో ‘శిథిలం’ అంటే సడలినది, వదులైనది. తెలుగులో మాత్రం ఆ మాట పాడుపడిన కోటలకూ గుడులకూ అంటుకుపోయింది. వినగానే కూలిన గోడలు కళ్ళముందు నిలుస్తాయి కాబట్టే మీకు సందేహం వచ్చింది. ‘క్రమక్షయం’ భూగోళ పాఠాల మాట. దానిలో కొద్దికొద్దిగా తరిగిపోవడం ఉంది గానీ, లోపల ఖాళీ ఏర్పడటం లేదు. ఇక్కడ మనకు కావలసింది ఆ ఖాళీయే.

పగడపు దిబ్బలో ప్రాణం ఉండేది పైపొరలోనే. పాలిప్‌లనే చిన్న జీవులు తమ అడుగున సున్నపు గూడు పోసుకుంటూ పైకి పెరుగుతాయి. కింద మిగిలేదంతా పాత తరాల అస్థిపంజరం. దాన్ని తొలిచేవాళ్ళు చాలామంది. క్లయోనా అనే స్పంజిక (స్పాంజి జీవి) సున్నాన్ని కొంత కరిగించి, కొంత సన్నని పెచ్చులుగా ఊడదీసి లోపలికి దారి చేసుకుంటుంది. లిథోఫాగా అనే ఆల్చిప్ప తన ఒంటికి సరిపడా గొట్టంలాంటి బిలం తొలుచుకుంటుంది. ఆ పేరుకు ‘రాతిని తినేది’ అని అర్థం; నిజానికి అది రాతిని తినదు. పేర్లు పెట్టడంలో శాస్త్రజ్ఞులూ తొందరపడతారన్నమాట. చిలుక చేపలైతే ముక్కులాంటి పళ్ళతో పైనుంచి గీకి, మింగిన సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తాయి.

తొలిచిన ఆల్చిప్ప చచ్చిపోయాక ఆ బిలం ఎంతోకాలం ఖాళీగా ఉండదు. వేలెడంత కూడా లేని బ్లెనీ చేప తోకవైపు నుంచి వెనక్కి దూరి, గుమ్మంలోంచి తొంగిచూస్తున్నట్టు తల మాత్రం బయట పెడుతుంది. పక్క పగుళ్ళలో పీతలు, రొయ్యలు, పెళుసు నక్షత్రాలు (నక్షత్రచేపలకు దగ్గరి బంధువులు), పురుగులు కాపురముంటాయి. పెద్ద చేపల నోరు ఆ సందుల్లో పట్టదు.

దీనికి తెలుగులో చక్కని మాట ఉంది: గుల్లబారడం. వయసు మీదపడితే ఎముకలు గుల్లబారతాయి. వానపాములు నేలను గుల్ల చేస్తాయి. మొదటిది నష్టం, రెండోది మేలు; రెండింటిలోనూ పైకి ఆకారం నిలిచే ఉంటుంది, లోపల మాత్రం ఖాళీలు ఏర్పడతాయి. అంతకంటే ముచ్చటైన సంగతి, ‘గుల్ల’ అంటే నత్త, శంఖం వంటి వాటి పెంకు కూడా. వాటిని కాల్చి చేసేదే గుల్లసున్నం. పగడాల గూడు కూడా ఆ పెంకుల్లాగే కాల్షియం కార్బొనేట్. మనుషులకు ఇల్లు గుల్ల కావడం అంటే దివాలా. బ్లెనీకి గుల్లే ఇల్లు.

అయితే గుల్లబారడం వేరు, అరిగిపోవడం వేరు. సముద్రం వేడెక్కి పగడాలు చచ్చిపోయి, కొత్త సున్నం పేరుకోవడం ఆగిపోతే, తొలిచేవాళ్ళదే పైచేయి అవుతుంది. అలలు విరగ్గొట్టినవి విరిగి, దిబ్బ క్రమంగా చదునవుతుంది. సందులు పోతాయి, వాటిలో దాగినవీ పోతాయి. సముద్రపు అడుగులో ఒక శాతం కూడా ఆక్రమించని ఈ దిబ్బలు సముద్ర జీవజాతుల్లో దాదాపు నాలుగోవంతుకు ఆధారమంటే, చాలావరకు ఆ సందుల చలవే. ‘శిథిలం’ అన్న మాట ఈ రెండు స్థితులనూ ఒకే గాటన కడుతుంది. నా అభ్యంతరం ప్రధానంగా అందుకే.

ఇక ‘ఆశ్రయం తీసుకోవడం’ ఇంగ్లీషు వాక్యానికి తెలుగు ముసుగు. మనం ఆశ్రయం పొందుతాం, ఆశ్రయిస్తాం, లేదా తలదాచుకుంటాం. శాశ్వతంగా ఉండేదైతే ‘ఆవాసం’. ప్రమాదం దాటేదాకా ఉండేదైతే ‘ఆశ్రయం’. ఆ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘గుల్లబారిన పగడపు దిబ్బల్లో చిన్న చిన్న సముద్ర జీవులు తలదాచుకుంటాయి.’ తల ఒక్కటీ బయటపెట్టి మిగతా ఒళ్ళంతా దాచుకునే బ్లెనీ విషయంలో మాత్రం నుడికారానికి కాస్త సడలింపు ఇవ్వాలి.