పాత హెరాల్డ్ కారుకు ఆటోనగర్‌లో బాడీ పని చేయించవచ్చా?

పాత స్టాండర్డ్ హెరాల్డ్‌ను విజయవాడ ఆటోనగర్‌లో బాగు చేయించవచ్చా, పని ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నిక్షేపంగా చేయించవచ్చు. దానికి ఛాసిస్ (అడుగున ఉండే ఇనుప చట్రం) వేరు, బాడీ వేరు; బోల్టులు విప్పితే బాడీని పైకి లేపేయొచ్చు.

ఇంజిన్ సంగతి తర్వాత. ముందు చిన్న అయస్కాంతంతో తలుపుల కింది అంచులు, డిక్కీ అడుగు తడిమి చూడండి. అంటుకోని చోట మందంగా పుట్టీ ఉన్నట్టే. అక్కడ తుప్పు కోయించి కొత్త రేకు వెల్డింగ్ చేయించండి. “పుట్టీ కొట్టేద్దాం సార్, కనబడదు” అంటారు పనివాళ్లు, ఒప్పుకోవద్దు. తర్వాత పెయింట్ బుడగలు లేస్తుంది. తలుపులు బిగించి సందులు సరిచూశాకే వెల్డింగ్ పెట్టమనండి, లేకపోతే ఆనక అవి సరిగ్గా పడవు. మన తేమకు గీకిన రేకు ఇట్టే ఎర్రబడుతుంది కాబట్టి అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ (తుప్పు పట్టకుండా పెయింట్‌కు ముందు వేసే పూత) పడాలి.

50 ఏళ్లు దాటిన కారుకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది, కొత్తగా అయితే ఫీజు 20,000 రూపాయలు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి. ఛాసిస్ నంబరు దరిదాపులకు గ్రైండర్ రానివ్వకండి.