ఇంటిపేరు టార్టన్ దొరకనప్పుడు

చి. ల. సౌ. మేనకోడలికి మేనత్త ఆశీస్సులతో రాయునది.

నీ ఉత్తరం అందింది. అబ్బాయి ఇంటిపేరు మీద టార్టన్, అంటే స్కాట్లాండువారి రంగురంగుల గడుల బట్ట నమూనా, ఒకటి ఉన్నదని, అయితే నీవు అడిగిన ఏ దుకాణంలోనూ ఆ బట్ట లేదన్నారని, ఆ బట్టతో కుట్టి మగవారు నడుముకు కట్టుకునే కుచ్చిళ్ల కిల్టులు అద్దెకు ఇచ్చేవారైతే ఆ పేరే వినలేదన్నారని, అందుకు అతడు చాలా చిన్నబుచ్చుకున్నాడని రాశావు. చీరాలలో ముహూర్తానికి అతడు పట్టుపంచె కట్టుకుంటాడు కనుక అక్కడ ఏ చిక్కూ లేదు. స్కాట్లాండులో జరిగే వేడుకకు అతడూ, తండ్రీ, అన్నదమ్ములూ ఏ టార్టన్ కిల్టు కట్టుకోవాలన్నదే ప్రశ్న. స్కాట్లాండులోని ఈ పెర్త్‌లో కిల్టులు కుట్టే చోట ఏళ్ల తరబడి పనిచేసినదానిని కనుక, ఈ విషయంలో నాకు తెలిసినదంతా వివరంగా రాస్తున్నాను. నీవు చదివి, అబ్బాయికీ వాళ్ల నాన్నగారికీ చెప్పు. ఎంపిక వారిది; మనం దారి చూపగలం, అంతే.

అన్నిటికంటే ముందు, దొరకడం లేదన్న మాటకు అర్థమేమిటో తేల్చుకోవాలి. దుకాణదారు లేదన్నాడంటే చాలాసార్లు తన దగ్గర నిల్వ లేదని మాత్రమే అర్థం. స్కాట్లాండు పార్లమెంటు 2008లో చేసిన చట్టం ప్రకారం టార్టన్లకు అధికారిక రిజిస్టరు ఒకటి ఏర్పడింది; 2009 నుంచి అది అందరికీ అందుబాటులో ఉన్నది. నేషనల్ రికార్డ్స్ ఆఫ్ స్కాట్లాండ్ దానిని నిర్వహిస్తుంది, వెతకడానికి రుసుము లేదు. అందులో అబ్బాయి ఇంటిపేరును రకరకాల వర్ణక్రమాలతో వెతికించు, ఎందుకంటే ఒకే కుటుంబం పేరు ఒక ఊరి దస్తావేజుల్లో ఒక విధంగా, పక్క ఊరి దస్తావేజుల్లో మరో విధంగా రాసి ఉండడం అక్కడ మామూలు. ఒకే పేరు మీద రెండు మూడు వేర్వేరు నమూనాలు ఉండవచ్చు, వాటిలో ఒకటి నేయడం మానేసినా మరొకటి మిల్లులో ఉండవచ్చు. వివరాల కింద ఆ నమూనాను నేయడానికి ఎవరి అనుమతి అయినా కావాలా అన్నది రాసి ఉంటుంది, దానిని తప్పక చదవండి. ఈ మధ్య కాలంలో ఒక కుటుంబమో, సంఘమో నమోదు చేయించుకున్న టార్టన్లు కొన్నింటిని వారి అనుమతి లేకుండా మిల్లువారు నేయరు. అడిగితే చాలామంది సంతోషంగా అనుమతిస్తారు, కాని అడగాలి.

చీరాల పిల్లవు కనుక పడుగు, పేకల సంగతి నీకు కొత్తగా చెప్పనక్కరలేదు. టార్టన్‌లో పడుగులో రంగులు ఏ వరుసలో, ఎన్ని పోగుల చొప్పున వస్తాయో, పేకలోనూ అదే వరుసలో అన్నే పోగులు వస్తాయి. ఈ వరుసను సెట్ అంటారు. టార్టన్‌కు గుర్తింపు ఈ వరుస వల్లనే వస్తుంది, రంగుల ముదురు లేతల వల్ల కాదు. అందుచేత ఒకే సెట్ రెండు పేర్లతో చలామణి కావడం కూడా ఉన్నది: కాంబెల్ వంశపు టార్టన్, సైన్యంలో పుట్టిన బ్లాక్ వాచ్ టార్టన్ ఒకే వరుసవి, సాధారణంగా ఛాయలలోనే తేడా. మీకు కావలసిన వరుస మరొక పేరుతో ఏ మిల్లులోనైనా ఉన్నదేమో అనుభవమున్న కిల్టు కుట్టేవారిని అడిగితే చూసి చెప్పగలరు.

ఛాయల సంగతి తెలియక బట్ట దొరకలేదని వెనుదిరిగినవారిని చాలామందిని చూశాను. ఒకే టార్టన్‌ను మోడరన్, ఏన్షియంట్, వెదర్డ్ అనే వేర్వేరు ఛాయలలో నేస్తారు. ఈ పేర్లకు పాతకాలం, కొత్తకాలం అన్న అర్థం లేదు, అవి అద్దకపు రకాలు మాత్రమే. మోడరన్ ముక్కను కిటికీ దగ్గర పెట్టి చూస్తే నీలం దాదాపు నలుపుగా, ఆకుపచ్చ సీసా రంగుగా, ఎరుపు నిండుగా కనిపిస్తాయి; అదే వరుస ఏన్షియంట్‌లో చూస్తే నీలం ఆకాశం రంగుకు తేలిపోతుంది, ఆకుపచ్చ లేత ఆకు రంగవుతుంది, ఎరుపు కాషాయానికి దగ్గరగా వస్తుంది. వెదర్డ్‌లో అన్నీ గోధుమ, బూడిద ఛాయలకు దిగుతాయి, ఏళ్ల తరబడి నేలలో పడి ఉన్న బట్టలాగా. పక్కపక్కన పెడితే ఇవి ఒకే టార్టన్ అని తెలియనివారు నమ్మరు. అబ్బాయి అడిగినది మోడరన్ ఒక్కటే అయితే, మిగిలిన రెండింటిలో ఉన్నదా అని మళ్లీ అడగమను. హంటింగ్, డ్రెస్ అనే పేర్లతో ఉండేవి మాత్రం ఛాయలు కావు, అవి వేరే నమూనాలు. ఆ కుటుంబానికి అవి ఉంటే వాటినీ నిస్సంకోచంగా తీసుకోవచ్చు.

ఇవేవీ కుదరకపోతే ప్రత్యేకంగా నేయించుకోవడం ఒక మార్గం. సెల్కిర్క్ పరిసరాలలోనూ, ఇతర చోట్లా కొద్ది గజాలైనా నేసి ఇచ్చే మిల్లులు ఉన్నాయి. ఖరీదు ఎక్కువ కావడానికి కారణం నీకు తేలికగా అర్థమవుతుంది: ఒక్క కిల్టు కోసమైనా, పది కిల్టుల కోసమైనా పడుగు తీయడం, అచ్చు అతకడం, మగ్గాన్ని సిద్ధం చేయడం ఒకే శ్రమ. అందుకని ఒంటరిగా నేయించుకోవద్దు. అబ్బాయి తండ్రి, అన్నదమ్ములు, పినతండ్రి కొడుకులు, కెనడాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న అదే ఇంటిపేరువారు కలిస్తే మగ్గం ఖర్చు పంచుకోవచ్చు, మిగిలేది బట్ట ధరే. ముందుగా ఒక చిన్న నమూనా ముక్క అడిగి తెప్పించుకోవాలి, ఎందుకంటే మిల్లువారు తమ దగ్గర ఉన్న ఉన్ని దారాల రంగులలోనే నేస్తారు, కాగితం మీద చూసిన ఎరుపు బట్టలో వేరే ఎరుపుగా రావచ్చు. నేతకు కొన్ని నెలలు, చేతితో కుట్టడానికి మరో రెండు మూడు నెలలు పట్టవచ్చు. మీ ముహూర్తానికి అంత వ్యవధి లేకపోతే తొందరపెట్టి నేయించవద్దు, వేరే టార్టన్ ఎంచుకోండి.

ఇక వేరే టార్టన్ అనగానే అబ్బాయికి అది తప్పేమోనన్న సంకోచం ఉన్నదని రాశావు. ఆ సంకోచం పోవాలంటే కొంత చరిత్ర తెలియాలి. గద్దె కోల్పోయిన స్టువర్ట్ రాజవంశం తరఫున జాకబైట్లు చేసిన తిరుగుబాటు తర్వాత 1746లో చేసిన చట్టం, సైన్యంలో ఉన్నవారికి తప్ప, హైలాండ్స్ అనే కొండసీమ మగవారికి ఈ టార్టన్, కిల్టు వేషాన్ని నిషేధించింది. 1782లో దానిని రద్దు చేశారు. ఈ రోజు మనం చూస్తున్న వంశానికొక టార్టన్ అన్న ఏర్పాటు చాలావరకు ఆ తర్వాత రూపుదిద్దుకున్నదే. లండన్‌లోని హైలాండ్ సొసైటీ 1815లో వంశనాయకులను తమ తమ టార్టన్ నమూనాలు పంపమని కోరితే, తమది ఏదో నిశ్చయంగా చెప్పలేకపోయిన నాయకులు కొందరున్నారు. బానక్‌బర్న్‌లోని విల్సన్ల నేతసంస్థ 1819లో తయారు చేసుకున్న నమూనాల పుస్తకంలో ఊళ్ల పేర్లు, వంశాల పేర్లు ఉన్నాయి. ఆ సంస్థ 43వ నంబరు అని అమ్మిన నమూనాయే తర్వాత మాక్‌ఫర్సన్ టార్టన్ అయింది. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరోకు వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ ఏర్పాట్ల ప్రకారం పెద్దలందరూ టార్టన్ ధరించి రావడంతో గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. 1842లో అచ్చయిన వెస్టియారియం స్కోటికం అనే గ్రంథం ప్రాచీన తాళపత్రంలాంటి ఆధారం నుంచి తీసినదని చెప్పుకున్నా అది కల్పితమని తర్వాత తేలింది, అయినా అందులోని నమూనాలు కొన్నింటిని కుటుంబాలు ఈనాటికీ ప్రేమతో ధరిస్తున్నాయి. ఇదంతా టార్టన్ విలువను తగ్గించడానికి చెప్పడం లేదు. తరాలుగా జనం దానికి ఇచ్చిన గౌరవం నిజమైనది. కాని ఫలానా ఇంటిపేరువాడు ఫలానా టార్టనే కట్టాలని శాసించే చట్టం ఏదీ లేదని అబ్బాయి తెలుసుకోవాలి.

చట్టం లేదు కనుక ఏదైనా ఒకటేనని నేను అనను. పెళ్లిలో ఎవరో ఒక పెద్దాయన దగ్గరకు వచ్చి ఇది ఎవరి టార్టన్ బాబూ అని అడిగి తీరతాడు. అప్పుడు నిజమైన బంధమేదో చెప్పగలిగేలా ఉండాలన్నది నా అభిప్రాయం.

ఆ దృష్టితో చూస్తే మొదట అడగవలసినది తల్లి వైపు. మన పెళ్లిలో పురోహితుడు గోత్రప్రవరలు చెప్పేటప్పుడు తండ్రి వైపు తరాలనే చదివినా, మేనమామలు లేకుండా మనకు పెళ్లి జరగదు కదా. అబ్బాయి తల్లి పుట్టింటి పేరు, నాయనమ్మ పుట్టింటి పేరు, అమ్మమ్మ పుట్టింటి పేరు, ఈ మూడింటినీ రాసుకోండి. వీటిలో ఒకటి ఏ ఫ్రేజరో, కామెరానో, మాకెంజీయో అయితే ఆ బట్ట మూడు ఛాయలలోనూ, అన్ని బరువులలోనూ దొరకవచ్చు. నాయనమ్మ టార్టన్ కట్టుకున్నవాడిని స్కాట్లాండులో ఎవరూ తప్పుపట్టరు. ఆవిడ జీవించి ఉంటే ఆవిడకు అంతకంటే ఆనందం ఉండదు. నన్నడిగితే అన్ని మార్గాలలోకీ ఇదే మేలైనది.

దుకాణంలో మాత్రం గోడకు వేలాడే పట్టిక ఒకటి చూపిస్తారు. చిన్న ఇంటిపేర్లను పెద్ద వంశాల కింద చేర్చిన పట్టిక అది: టేలర్ అంటే కామెరాన్ అని, మిల్లర్ అంటే మాక్‌ఫార్లేన్ అని, విల్సన్ అంటే గన్ అని. ఇలా చేరిన కుటుంబాలను సెప్టులు అంటారు. కొన్నింటికి గట్టి ఆధారమే ఉన్నది. కాని దర్జీ పని, మర పని చేసినవారు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు, ఆ వృత్తుల వల్ల వచ్చిన ఇంటిపేర్లవారందరూ ఒకే వంశానికి చెందినవారు ఎలా అవుతారు? అబ్బాయి పూర్వికులు ఆ వంశం ఉన్న ప్రాంతంలో నివసించారన్న దాఖలా చర్చి దస్తావేజుల్లోనో, జనాభా లెక్కల్లోనో కనిపిస్తేనే ఆ పట్టికను నమ్మండి.

వాళ్లది దక్షిణాన గాలోవే ప్రాంతమని రాశావు కనుక, నాయనమ్మ వైపు ఏదీ కుదరకపోతే ప్రాంతపు టార్టన్ చూడండి. గాలోవేకు ఆకుపచ్చది ఒకటి, వేడుకలకు ఎర్రది ఒకటి ఉన్నాయి. ఇలాగే పైస్లీ, ఫైఫ్, డండీ, స్కై ద్వీపం వంటి ఎన్నో చోట్లకు టార్టన్లు ఉన్నాయి. మా తాతలు ఆ నేల మీద వ్యవసాయం చేశారు అన్న మాట ఒక పెద్ద వంశం పేరు అరువు తెచ్చుకోవడం కంటే ఎంతో గౌరవంగా ఉంటుంది.

అందరూ కట్టదగినవి కొన్ని ఉన్నాయి. 1739లో ఏర్పడిన రెజిమెంటు పేరు మోస్తున్న బ్లాక్ వాచ్, హంటింగ్ స్టివార్ట్, కలడోనియా వంటివి ఎవరైనా ధరించవచ్చు, ఎక్కడైనా దొరుకుతాయి. రాయల్ స్టివార్ట్ రాజుగారి సొంత టార్టన్‌గా లెక్క, అయినా లోకమంతా కట్టుకుంటున్నది. పెళ్లికొడుకుకు నేను సూచించను. బాల్మోరల్ మాత్రం ముట్టవద్దు. విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ 1853లో రూపొందించిన ఆ టార్టన్ రాజకుటుంబానికి, వారి అనుమతి పొందినవారికి మాత్రమే.

కొత్త టార్టన్ సృష్టించుకుంటే ఎలా ఉంటుందని కూడా అడిగావు. స్కాట్లాండులో స్థిరపడిన సర్దార్ ఇక్బాల్ సింగ్ 1999లో సింగ్ టార్టన్ చేయించుకున్నారు, మనవంటివారికి అది సంతోషకరమైన విషయమే. కాని ఇప్పుడు మీకున్న ఇబ్బంది బట్ట దొరకకపోవడం, కొత్త నమూనా అయినా మగ్గం మీద మొదటి నుంచి నేయించవలసినదే కదా. మీ ఇద్దరి ఇళ్లనూ కలిపే టార్టన్ గురించి పెళ్లయిన తర్వాత తీరికగా ఆలోచించండి.

టార్టన్ ఏదైనా బట్టను చూసి కొనండి. సొంత ఇంటిపేరుదే కదా అని పలుచని బట్ట మీద అచ్చు వేసినది కొనడం కంటే, నాయనమ్మ టార్టన్‌లో మంచి ఉన్ని బట్ట కొనడం వెయ్యి రెట్లు నయం. గజానికి పదమూడు ఔన్సుల బరువు అన్ని కాలాలకూ సరిపోతుంది. పదహారు ఔన్సులది కుచ్చిళ్లు చక్కగా నిలుస్తుంది, జీవితాంతం మన్నుతుంది. పదీ పదకొండు ఔన్సులది నడిచేటప్పుడు గాలికి లేచిపోతుంది, నలుగుతుంది. కిల్టు కింది అంచు మడిచి కుట్టరు, నేతలో వచ్చిన అంచునే అలాగే ఉంచుతారు. కనుక ఆ అంచును వేళ్ల మధ్య పట్టి చూడండి: పేక పోగులు లోపలికి మడిచి నేసిన మగ్గమైతే అక్కడ గట్టిగా, మందంగా తగులుతుంది, కుచ్చిళ్ల కింద అది ఎబ్బెట్టుగా కనిపిస్తుంది. పూర్తి కిల్టుకు ఎనిమిది గజాలు కావాలి. రెట్టింపు పన్నా బట్ట అయితే నాలుగు గజాలు కొని, పొడవునా మధ్యకు చీల్చి, రెండు ముక్కలనూ గడులు కలిసేలా కుచ్చిలి లోపల అతుకుతారు. సెట్ పెద్దదైతే కుచ్చిళ్లలో గడులు కలపడానికి బట్ట ఎక్కువ పడుతుంది, కొనకముందే కుట్టేవారికి చూపించండి.

తండ్రీ కొడుకులందరికీ ఒకేసారి, ఒకే మిల్లు నుంచి, ఒకే అద్దకపు బట్ట తీసుకోండి. రెండు మిల్లుల బట్టలు ఒకే పేరుతో ఉన్నా ఫొటోలో పక్కపక్కన నిలబడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీ చీర రంగు కూడా ఈ బట్ట చేతికి వచ్చిన తర్వాతే నిర్ణయించుకో.

అబ్బాయి ఇంటిపేరు టార్టన్‌ను పూర్తిగా వదిలేయనక్కరలేదు. అక్కడి పెళ్లిళ్లలో వరుడి తరఫువారు కొత్త కోడలి భుజం మీద తమ టార్టన్ పట్టీని పిన్నుతో అలంకరించే ఆచారం ఉన్నది. కిల్టుకు కావలసినంత బట్ట నేయించలేకపోయినా, చిన్న పట్టీలు, టైలు విడిగా నేసి ఇచ్చేవారు దొరుకుతారు. వాళ్ల ఇంట్లో తాతగారి పాత కిల్టో, మఫ్లరో బీరువాలో ఉన్నదేమో కూడా అడుగు. పాత కిల్టుకు నడుము కొంత పెంచడం, తగ్గించడం నేను చేసి ఇస్తాను. పురుగు కొట్టినచోట్లు ఉంటే వెలుతురుకు పట్టి చూసి, ఎక్కడెక్కడున్నాయో ముందే నాకు చెప్పు.

వచ్చే ఉత్తరంలో మూడు పుట్టింటి పేర్లు, పూర్వికుల ఊరు, కిల్టు కట్టుకునేవారెందరో, వేడుక తేదీ రాయి. కొలతలు ఇప్పుడే తీయవద్దు. కిల్టు నడుము ప్యాంటు నడుము కంటే పైన, బొడ్డు దగ్గర ఉంటుంది, ఇంట్లో తీసిన కొలతలు సాధారణంగా తప్పుతాయి. వారందరినీ ఒక శనివారం పెర్త్‌కు రమ్మను, భోజనం మా ఇంట్లోనే.

ఇట్లు,
నీ మేనత్త