బాకుల నడుమ టోపీ

ప్రశ్న: ప్రాచీన రోమన్ వెండి నాణెం ఒకదాని ఛాయాచిత్రంలో రెండు బాకులు, వాటి నడుమ టోపీ కనిపించాయి. వాటి అర్థం ఏమిటి? ఇటువంటి గుర్తులు ఆనాటి సామాన్యులకు బోధపడేవా?

జవాబు: మీరు చూసినది జూలియస్ సీజర్‌ను హతమార్చినవారిలో ముఖ్యుడైన బ్రూటస్ క్రీ.పూ. 43-42 నాటికి, తన సైన్యం వెంట ఉండగా ముద్రింపజేసిన డెనారియస్ అనే రోమన్ వెండి నాణెం. ఆ టోపీని పిలియస్ అంటారు. దాస్యం నుంచి విముక్తి పొందిన బానిస దానిని ధరించేవాడు. కింద 'ఈద్ మార్' (లాటిన్‌లో మార్చి నడిమి దినానికి సంక్షిప్త రూపం) అన్న అక్షరాలు సీజర్ హత్య జరిగిన క్రీ.పూ. 44 మార్చి 15ను సూచిస్తాయి. బాకుల పిడులను పరిశీలనగా చూస్తే అవి ఒకే తీరుగా లేవని తెలుస్తుంది; ఒకటి బ్రూటస్‌ది, రెండవది హత్యలో అతని సహచరుడైన కాసియస్‌ది అని పలువురు పండితుల భావన. రోమ్‌ను దాస్యం నుంచి విడిపించాము, విడిపించినవి ఈ ఆయుధాలే అని చెప్పడానికి అరచేతిలో ఇమిడే వెండి బిళ్ల సరిపోయింది.

అయితే అసలు విశేషం నాణెం బొరుసులో కాదు, బొమ్మలో ఉంది. అక్కడ ఉన్నది బ్రూటస్ ముఖమే. రోమ్ టంకశాల నాణేలపై అంతవరకు దేవతలకు, గతించిన పూర్వీకులకు మాత్రమే దక్కిన స్థానాన్ని సీజర్ క్రీ.పూ. 44లో బతికుండగానే తన ముఖానికి కట్టబెట్టుకున్నాడు. రాచరికపు పోకడలు పోతున్నాడన్న అనుమానంతోనే గదా అతనిని చంపినది! క్రీ.పూ. 54లో టంకశాల అధికారిగా ఉన్నప్పుడు స్వేచ్ఛాదేవత లిబర్టాస్‌ను, రాజును వెళ్లగొట్టిన తన వంశ మూలపురుషుడిని నాణేలపై నిలిపిన బ్రూటస్ చివరికి సీజర్ బాటనే పట్టడం నాకు ఆ బాకులకన్నా పదునైన సంగతిగా తోస్తుంది.

ఇక మీ రెండవ సందేహం. బానిసలున్న సమాజంలో పిలియస్‌ను ప్రత్యేకంగా వివరించనక్కరలేదు; మూడవ శతాబ్దపు చరిత్రకారుడు కాసియస్ డియో కూడా ఈ నాణేన్ని ప్రస్తావిస్తూ ఇదే అర్థం చెప్పాడు. అన్ని గుర్తులూ ఇంత తేటగా ఉండవు. అంతర్యుద్ధం మొదలైన క్రీ.పూ. 49 ప్రాంతంలో సీజర్ ముద్రించిన డెనారియస్‌పై ఏనుగు పాము వంటి దానిని తొక్కుతూ ఉంటుంది. మరోవైపున్న పూజాపరికరాలు అతని ప్రధాన పురోహిత పదవిని సూచిస్తాయనడంలో వివాదం లేదు గాని, ఏనుగు ఎవరు, పాము ఎవరు అన్న చర్చ మాత్రం నేటికీ తెగలేదు.