ప్రమాదంలో కాలు విరిగిన పెంపుడు కుక్క కోలుకుంటుందా? దానికి మళ్లీ ఇల్లు దొరుకుతుందా?

విజయవాడ పటమటలో బండి గుద్దిన కుక్కను తెచ్చి వరండాలో పడుకోబెట్టానని, వెనక కాలు వేలాడుతోందని, మెడకు పట్టీ ఉన్నా వెతుక్కుంటూ ఎవరూ రాలేదని రాశారు. బాగవుతుందా, బాగైనా కుంటే కుక్కను ఎవరు తీసుకుంటారు అని అడిగారు. మా ఇంట్లో రెండూ జరిగాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక, సింగ్‌నగర్‌లో దొరికిన ఒక పామరేనియన్‌ను జంతువులను కాపాడే కుర్రాళ్లు మా ఇంటికి తెచ్చారు. సత్యనారాయణపురంలో మాది కింది వాటా, మెట్లు ఎక్కే పని లేదు. దాని తెల్లటి బొచ్చంతా బురద గడ్డకట్టి ఉంది, తొడ ఎముక విరిగింది. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఆపరేషన్ చేసి, ఎముకలో స్టీలు కడ్డీ వేశారు.

వైద్యం అనగానే అందరికీ ఆపరేషనే గుర్తొస్తుంది. అది ఒక పూట పని. ఎముక అతకడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అన్నాళ్లూ పరుగు, గెంతులు లేకుండా కుక్కను ఎక్కడ ఉంచాలి? నేను చూసినంతలో అసలు కొరత అక్కడే ఉంది. డబ్బు నలుగురూ వేసుకుంటారు, ఆ రెండు నెలలు ఇంట్లో ఒక మూల ఇచ్చేవాళ్లే దొరకరు.

మేము గోడ పక్కన పాత మంచం అడ్డంపెట్టి నాలుగడుగుల చోటు కట్టాం. బయటికి తీసుకెళ్లాలంటే పొట్ట కింద తువ్వాలు వేసి, వెనక భాగం పైకి పట్టుకుని నడిపించేవాళ్లం. నాలుగు రోజులు అది గోడవైపే తిరిగి పడుకుంది, పెరుగన్నం ముట్టలేదు. ఐదో రోజు మా అమ్మ ఉడికించిన గుడ్డు చిదిపి, అరచేతిలో పెట్టుకుని గంటసేపు పక్కనే కూర్చుంది. గుడ్డు తినేసి చేయి కూడా నాకింది. ఉరిమితే మాత్రం గోడకు నక్కి వణికేది.

పాత యజమాని కోసం ఆ కుర్రాళ్లు ఫొటో పట్టుకుని సింగ్‌నగర్ వీధులన్నీ తిరిగారు. ఎవరూ రాలేదు. ఇల్లే మునిగినవాళ్లను నేను తప్పుపట్టను. జబ్బు చేసిందనో, ముసలిదైపోయిందనో కావాలని వదిలేసేవాళ్లను చూస్తేనే నా కడుపు మండుతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం పెంపుడు జంతువును తిండీ నీళ్లూ లేకుండా వదిలేయడం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు!

ఆ కుక్క కావాలని అడిగినవాళ్లలో ఇద్దరికి ఇవ్వలేదు. ఒకరికి పిల్లలు పెట్టించి అమ్ముకోవాలని ఉంది, ఇంకొకరు డాబా మీద కట్టేస్తామన్నారు. చివరికి గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక రిటైరైన దంపతులు రెండుసార్లు వచ్చి దానితో కూర్చున్నారు. కాస్త కుంటుతుందని, ఉరుముకు భయపడుతుందని ఏదీ దాచకుండా చెప్పాం. ఆయన దాని కాలి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. పెరుగన్నంలో ఉప్పు వేస్తున్నారా అని అడిగారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా అయ్యాక, వాళ్ల ఇల్లూ గేటూ చూసి వచ్చి అప్పగించాం.

మీరు మాత్రం కుక్కను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి రేపటిదాకా ఆగకండి. చిగుళ్లు పాలిపోయినా, పొట్ట ఉబ్బినా, ఆయాసపడుతున్నా లోపల రక్తం పోతోందేమోనని అనుమానించాలి. కాలు మీరు సరిచేయవద్దు. మన పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ మాత్రలు వేయవద్దు, అవి కుక్కలకు ప్రమాదం. చెక్క పలక మీదికి దుప్పటితో సహా జరిపి ఎత్తండి. ఎంత సాధు కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. కరిస్తే సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా వేయించుకోండి. బండి దొరక్కపోతే ప్రభుత్వ సంచార పశువైద్య వాహనాల నంబరు 1962కు ఫోన్ చేసి అడగండి.

మెడ పట్టీ దాచి ఉంచండి. ఎవరైనా మాదే అని వస్తే పాత ఫొటోలు చూపించమనండి. ఎవరూ రాకపోతే, మీ వరండాలో ఆ నాలుగడుగులు ఇవ్వగలిగితే ఇక్కడే రాయండి. తువ్వాలు ఎలా వేయాలో నేను వచ్చి చూపిస్తాను.